వెలగలేరు తలుపులు

"కృష్ణ ఇంట్లోకొచ్చేసిందే అమ్మాయ్!" అంది పిన్ని ఫోనులో.

2024 సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున. వినాయక చవితికింకా ఆరు రోజులుంది. పుట్టింటికని పామర్రు వెళ్ళి ముసురులో చిక్కుకుపోయాను. అమ్మ వంటింట్లో గారెలకి పప్పు రుబ్బుతోంది. పిన్ని గొంతులో అలాంటి వణుకు నేనెప్పుడూ వినలేదు. ఆవిడుండేది విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో. రాత్రి పడుకునేటప్పుడు వీధిలో వాననీళ్ళు చీలమండల దాకా ఉన్నాయట. తెల్లవారేసరికి మంచం కోళ్ళు మునిగాయి. నాతో ఈ నాలుగు ముక్కలు మాట్లాడేటప్పటికి నడుం లోతు.

టీవీ ముందు కూర్చున్న మా తమ్ముడు, "కృష్ణ కాదట, బుడమేరట" అన్నాడు. అదే పిన్నికి చెప్పాను.

"బుడమేరేమిటే? అది మా వెనక వీధి మురుగ్గుంట కదూ!" అంది. ఆ తర్వాత ఫోను మూగబోయింది. మూడు రోజులదాకా మళ్ళీ మోగలేదు.

ఆ మూడు రోజులూ టీవీకి కళ్ళప్పగించి కూర్చున్నాం. మేడల మీద నుంచి చేతులూపే జనం, హెలికాప్టర్లు జారవిడిచే పులిహోర పొట్లాలు, పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసే డ్రోన్లు మంచినీళ్ళ సీసాలు మోసుకెళ్ళడం చూశాం. ఆ మేడల్లో పిన్ని వాళ్ళ మేడ ఏదో పోల్చుకోవాలని అమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉంది. నా బాధ వేరు. ఆ ఇల్లు కొనేటప్పుడు పిన్నితోపాటు వెళ్ళి చూసి, "బావుంది, తీసుకో" అన్నది నేనే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పామర్రువాళ్ళకి నీళ్ళంటే భయం లేదంటారు. అది నిజం కాదు. మాకు రెండు భయాలున్నాయి. ఒకటి దక్షిణాన సముద్రం. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టిన రాత్రి సంగతి మా ఇంట్లో ఇప్పటికీ గొంతు తగ్గించే చెప్పుకుంటారు. నేనింకా పుట్టలేదు. అయినా నాకు ఆ గాలి చప్పుడు తెలుసుననిపిస్తుంది, అన్నిసార్లు విన్నాను. రెండోది పడమటనున్న కృష్ణ. ఉత్తరాన్నించి కూడా ఒకటి రాగలదనీ, దానికో పేరుందనీ, ఆ పేరును ఆపడానికి ఓ కట్టడం ఉందనీ మాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినిపించుకునేవాళ్ళం కాదేమో.

మా ఊరి భక్తి అంతా కాలువలకే. బందరు కాలువ, రైవస్ కాలువ అంటూ మా తాతయ్య చుట్టాల పేర్లు చెప్పినంత ముచ్చటగా చెప్పేవాడు. అమ్మమ్మ పెళ్ళయి కాపురానికొచ్చింది పడవలోనే. ఆ కాలవలన్నీ తవ్వకముందు ఈ నేల ఎలా ఉండేదో తెలిస్తేగాని ఆ భక్తి అర్థం కాదు.

1832-33లో, అంటే నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమలో కరువొచ్చింది. డొక్కల కరువని పేరు. మనుషుల డొక్కలు ఎండి ఎముకలు తేలాయి కనుక ఆ పేరు. పక్కన ఏడాదికి కొన్ని నెలలపాటు రెండు గట్లూ ఒరుసుకుపారే కృష్ణ ఉంది, కానీ పొలానికి చుక్క ఎక్కదు. లక్ష మందికి పైగా పోయారు. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళకి, 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1855లో పూర్తి చేశారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌ది ఇక్కడ కూడా ప్రేరణ. ఎండలో నిలబడి రాళ్ళు వేయించిన ఇంజనీరు మాత్రం కెప్టెన్ చార్లెస్ ఆర్ అనే ఆయన. కాటన్ దొర పేరు చెబితే గోదావరి జిల్లాల్లో దణ్ణం పెట్టేవాళ్ళున్నారు. ఆర్ దొర పేరు మా జిల్లాలో ఎంతమందికి తెలుసో మీరే ఆలోచించండి. నాకూ ఈ వ్యాసం కోసం పుస్తకాలు తిరగేసేదాకా తెలీదు.

ఆ ఆనకట్ట దాదాపు నూరేళ్ళు నిలిచింది. 1952లో దానికి గండి పడింది. పెద్దదే అయినా, పాతబడ్డ కట్టడం తన సంగతి తాను చెప్పుకోలేదు కదా! గండి పడితేనే చెప్పినట్టు. ఆ దెబ్బతో దానికి కాస్త ఎగువన కొత్త బ్యారేజి 1954లో మొదలై 1957లో పూర్తయింది. డెబ్భై తలుపులు, మీద రోడ్డు. టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టారు. సుమారు 13 లక్షల ఎకరాల కృష్ణా డెల్టాకి అదే పెద్ద దిక్కు. బెజవాడ వెళ్ళే బస్సులో ఎవరైనా చంటిపిల్ల ఏడిస్తే, "అదుగో బ్యారేజి, చూడు చూడు" అని చూపించేవాళ్ళు. అన్ని దీపాలున్న కట్టడాన్ని ఎవరు మర్చిపోతారు?

మర్చిపోయింది చిన్నదాన్ని. అది వెలగలేరులో ఉంది.

బుడమేరు కృష్ణలాగా ఎక్కడో సహ్యాద్రిలో పుట్టిన మహానది కాదు. మైలవరం, కొండపల్లి వైపు కొండల్లో పుట్టిన వాగు. దారిలో చిన్న చిన్న వాగుల్ని కలుపుకుంటుంది. విజయవాడ ఉత్తరపు అంచును ఒరుసుకుని, ఎనికేపాడు దగ్గర కాలువ అడుగున కట్టిన సొరంగంలో దూరి, అవతల తేలి, గుడివాడ ప్రాంతం మీదుగా కొల్లేట్లో పడుతుంది. కొల్లేరు నిండితే ఉప్పుటేరు గుండా సముద్రానికి. సంవత్సరంలో పది నెలలు దాని మీంచి మేకలు నడిచిపోతాయి. మిగతా రెండు నెలల్లో కూడా చాలా ఏళ్ళు పెద్దగా అల్లరి చేయదు. అందుకే దాన్ని అందరూ లోకువ కట్టారు. కానీ కొండమీద కుంభవృష్టి పడితే, ఆ నీరంతా గంటల్లో దిగుతుంది. నదికైతే ఎగువన శ్రీశైలం, సాగరం, పులిచింతల ఉన్నాయి. నీరు ఎంత వస్తోందో రెండు మూడు రోజుల ముందే లెక్క తేలుతుంది. వాగుకి అంత వ్యవధి లేదు. సాయంత్రం మబ్బు, తెల్లవారుజామున వరద. అది ఇన్నిసార్లు ముంచింది కనుకనే పెద్దవాళ్ళు దాన్ని 'బెజవాడ దుఃఖం' అన్నారు.

అరవయ్యో దశకపు వరదల తర్వాత ప్రభుత్వం దీనికో ఉపాయం ఆలోచించింది. విజయవాడకి ఎగువన, జి.కొండూరు మండలంలోని వెలగలేరు దగ్గర వాగుకు అడ్డంగా తలుపులతో ఓ రెగ్యులేటర్ కట్టారు. పదకొండు తలుపులు. అక్కడినుంచి పక్కకు సుమారు 12 కిలోమీటర్ల కాలువ తవ్వి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపారు. బుడమేరు మళ్ళింపు కాలువ అంటే అదే. తలుపులు దించి ఉంచితే నీరు పక్కదారిన కృష్ణలోకి పోతుంది, ఊరు పొడిగా ఉంటుంది. మళ్ళింపు కాలువ పట్టలేనంత వరదొస్తే తలుపులెత్తి, మిగతాది పాతదారిన ఊరివైపు వదలక తప్పదు. వదలకపోతే కట్టడమే కొట్టుకుపోతుంది. అప్పుడింకా ఘోరం.

ఇది నాకు అర్థమయ్యేట్టు చెప్పింది ఇంజనీరు కాదు, మా అమ్మే. "మన పాత వంటింట్లో జలదారి ఉండేది చూడు, అంట్లు కడిగిన నీళ్ళు దొడ్లోకి పోవడానికి. పెద్దవాన కురిసి దొడ్డి నిండితే ఏమయ్యేది?" అంది. ఏమయ్యేదో నాకు బాగా గుర్తు. దొడ్లో నీళ్ళే జలదారి గుండా వంటింట్లోకి వచ్చేవి. అమ్మమ్మ పాతగుడ్డలు కుక్కేది.

సరిగ్గా అదే జరిగింది. మళ్ళింపు కాలువ పడేది ప్రకాశం బ్యారేజికి ఎగువన. అక్కడ కృష్ణ మామూలుగా ఉంటే బుడమేటి నీరు సాఫీగా దిగిపోతుంది. కృష్ణే నిండుగా ఉంటే దిగదు సరికదా, వెనక్కి ఎగదన్నుతుంది. సెప్టెంబరు 2న బ్యారేజి దగ్గర కృష్ణలో 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పారింది. అంత వరద అక్కడ మునుపెన్నడూ నమోదు కాలేదు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. మనింటి ఇత్తడి బిందెలు రెండు అనుకోండి. మళ్ళింపు కాలువకు మొదట అనుకున్న శక్తి 15 వేల క్యూసెక్కులు. అంటే సెకనుకు ముప్ఫై వేల బిందెలు పట్టే జలదారి అది. ఆ రోజు కొండల మీంచి దిగింది దానికి రెట్టింపు పైమాటే. దొడ్డి చూస్తే అప్పటికే నిండుతోంది.

శనివారం రాత్రి వెలగలేరు తలుపులెత్తారు. ఆపైన మళ్ళింపు కాలువ ఎడమగట్టు మూడుచోట్ల తెగింది. ఎడమ వైపంటే ఊరి వైపు. ఇక ఎత్తడాలూ దించడాలూ లేవు, నీరు దాని ఇష్టం. ఆ గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా దిగాల్సొచ్చింది. సెప్టెంబరు 7న, చవితి నాడే, మూడో గండి పూడింది.

నాలుగో రోజున పిన్ని పడవలో బయటపడింది. మా తమ్ముడు వెళ్ళి పామర్రు తీసుకొచ్చాడు. తడిసిన కాళ్ళతో గుమ్మంలో నిలబడి ఆవిడన్న మొదటి మాట, "ఒక్క కబురు చెబితే నా పాసుబుక్కులూ, అమ్మ ఫోటో మేడమీద పెట్టుకునేదాన్నే" అని. తలుపులెత్తినందుకు ఆవిడకి కోపం లేదు. ఎత్తక తప్పదని నేను చెబితే ఒప్పుకుంది. ఆవిడ వీధికి ఆ కబురు రాలేదు, అదీ కోపం. రాత్రి తలుపులెత్తిన నీరు తెల్లవారేసరికి వచ్చింది. మధ్యలో కొన్ని గంటలున్నాయి. పాసుబుక్కులు మేడెక్కించడానికి ఐదు నిమిషాలు చాలు.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి చెబుతాను.

2006 వేసవి. బాబాయి రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో విజయవాడలో ఇల్లు చూస్తున్నారు. అప్పటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు, బెజవాడలోనే కాపురం. ఊరు తెలిసినదాన్ని గదా అని పిన్ని నన్ను వెంటబెట్టుకెళ్ళింది. మిగతా పేటల్లో ఆ ధరకి గది కూడా రాదు. ఇక్కడ రెండు గదులూ వంటిల్లూ, పైన మేడ వేసుకోవడానికి పిల్లర్లతో సహా. వెనకవైపు గాలి బాగా వస్తోంది. వెనక ఏమీ లేదు మరి, ఎండిపోయిన వాగు తప్ప! ముందు గదిలో గోడకి, నా మోకాలి ఎత్తున, ఒక సన్నటి గీత కనిపించింది. కింద రంగు ఓ మాదిరి, పైన రంగు మరో మాదిరి. "ఇదేమిటండీ?" అనడిగాను. "వానాకాలం చెమ్మమ్మా, పాత సున్నం కదా" అన్నాడు అమ్మే పెద్దమనిషి.

అంతకు ముందు సంవత్సరం, 2005లో, బుడమేరు పొంగింది. నేను బెజవాడలోనే ఉన్నాను. పేపర్లో చదివాను. అయినా ఆ గీత నాకా సంగతి చెప్పలేదు. ఎం.ఏ. చరిత్ర చదివాను, శాసనాల మీద అరిగిపోయిన అక్షరాల గురించి పరీక్షల్లో పేజీలు నింపాను. కళ్ళెదుట గోడమీద రాసిపెట్టిన ఏడాదినాటి చరిత్ర మాత్రం చదవలేకపోయాను. "బావుంది, తీసుకో పిన్నీ" అన్నాను.

పిన్ని నన్నింతవరకూ ఒక్కమాట అనలేదు. అంటేనే బాగుండును.

ఆ శీతాకాలంలో, మా వారిని ఒప్పించి వెలగలేరు వెళ్ళాను. "రెగ్యులేటర్ చూడ్డానికి ఎవరైనా ఆదివారం పెట్రోలు తగలేసుకుంటారా?" అని ఆయన దారంతా సణుగుతూనే ఉన్నారు. చూశాక, "ఇదేనా?" అన్నారు. నిజమే, దూరం నుంచి పాత వంతెన అనుకుంటారు. పేరు బోర్డు లేకపోతే దాటిపోతారు. తలుపులు, వాటిని లేపే ఇనుప సరంజామా, అడుగున బురద పట్టిన పాయ. మూడు లక్షల జనం నిద్ర దీని మీద ఆధారపడి ఉందంటే నమ్మబుద్ధి కాదు. గట్టున టీ అమ్మే ఓ పెద్దావిడతో మాట కలిపాను. "ఆ రాత్రి మీరిక్కడే ఉన్నారా?" అన్నాను.

"ఇక్కడే ఉన్నామమ్మా. తలుపులెత్తితే ఆ సప్పుడు మాకు ఇనపడుద్ది. కింద బెజవాడోళ్ళకి ఎట్టా ఇనపడుద్ది?" అంది.

ఆవిడ మాట విన్నప్పటినుంచీ నాకు మా ఊరి లష్కరు తాత గుర్తొస్తూ ఉన్నాడు. కొత్తతరం వాళ్ళకి లష్కరంటే తెలీకపోవచ్చు. కాలువల మీద తూములు ఎత్తడం, దించడం, గట్లు కాయడం చేసే చిరుద్యోగి. దొరల నాటి నుంచీ వస్తున్న ఉద్యోగం. మా చిన్నప్పుడు ఆయన ఖాకీ నిక్కరుతో, భుజాన పారతో, వానాకాలం రాత్రిళ్ళు చేతిలో లాంతరుతో గట్టంట తిరిగేవాడు. గట్టుకి ఎండ్రకాయ బొక్కో, ఎలుక బొరియో ఉంటే దాన్లోంచి నీరు సన్నగా ఊరుతుంది. దాన్ని బుంగ అంటారు. "బుంగ చిటికెన వేలంత ఉన్నప్పుడు గుప్పెడు మన్నుతో పోద్ది పాపా. తెల్లారి చూద్దాంలే అనుకుంటే బండెడు రాళ్ళు కూడా చాలవు" అనేవాడు. తూము తలుపులకి గ్రీజు పెట్టేవాడు, నీళ్ళు వదిలినా వదలకపోయినా వారానికోసారి తిప్పి చూసేవాడు. ఎందుకు తాతా అంటే, "తిప్పకపోతే అది నన్ను మర్చిపోద్ది" అని నవ్వేవాడు. నీళ్ళు వదిలేముందు రేవులో గుడ్డలుతికే ఆడవాళ్ళని కేకేసి లేపేవాడు. ఆ కేకలకి విసుక్కునేవాళ్ళం కూడా.

తలుపు మనిషిని మర్చిపోతే ఏమవుతుందో ఈ మధ్య మన రాష్ట్రంలోనే చూశాం. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కొట్టుకుపోయింది. ముందు ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ వరదంతా తెల్లవారుజామున దీని మీద పడింది. ఉన్నవి ఐదు తలుపులు. అందులో ఒకటి పాడై అంతకుముందు నుంచే పనిచేయడం లేదు. స్పిల్‌వే పట్టగల దానికంటే ఎక్కువ నీరొచ్చిందన్న మాట నిజమే. అయితే పట్టగలిగినంతైనా పోవడానికి తలుపన్నీ లేవాలి గదా! మట్టికట్ట కరిగిపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళలో కార్తీక దీపాలు పెట్టుకోవలసిన రోజున పదుల ప్రాణాలు పోయాయి. అదే సంవత్సరం ఆగస్టు 5న పులిచింతలలో ఒక తలుపు ఊడి కృష్ణలో కొట్టుకుపోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ తలుపు గొలుసు తెగి పోయింది. కట్టి డెబ్భయ్యేళ్ళయిన డ్యామది. అప్పుడు పారే నీటిలోనే ఇనుప అడ్డుపలకలు దింపించిన తలుపుల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు, పట్టుమని నెల తిరక్కుండానే ప్రకాశం బ్యారేజికి రావలసొచ్చింది. వరదలో కొట్టుకొచ్చిన పడవలు ఢీకొని అక్కడి తలుపుల బరువుదిమ్మెలు విరిగాయి. రిటైరైన పెద్దాయన ఒక్కరే ఒక నదినుంచి ఇంకో నదికి పరిగెత్తాల్సి రావడం చూస్తే, చదివించిన పిల్లలంతా అమెరికాలో ఉండి ముసలి తండ్రే ఇంటిపని చేసుకుంటున్నట్టు అనిపించింది నాకు.

ఇదేదో మన దేశపు నిర్లక్ష్యమేనని చప్పరించేస్తే కుదరదు. 1889లో అమెరికాలో జాన్స్‌టౌన్ అనే ఊరిని ఒక చెరువుకట్ట ముంచేసింది. ఆ చెరువు శ్రీమంతుల క్లబ్బుది. వాళ్ళు సరదాగా చేపలు పట్టుకునేందుకు కొన్నారు. అడుగున నీరు వదిలే గొట్టాలు అంతకుముందే ఎవరో ఊడదీసి అమ్మేశారు. వీళ్ళు వాటిని మళ్ళీ వేయించలేదు. పైగా చేపలు పోకుండా కలుజుకి ఇనుప జల్లెడలు కట్టారు. వాన వచ్చిన రోజున చెత్త ఆ జల్లెడకి అడ్డుపడి నీరు పోలేక కట్ట తెగింది. 2,209 మంది చచ్చిపోయారు. చేపలు మాత్రం క్లబ్బువాళ్ళకి దక్కాయా? అవీ పోయాయి.

మన దేశంలో 2021 డిసెంబరులో డ్యాముల భద్రతకి చట్టం వచ్చింది. మంచిదే. ఏటా తనిఖీలు, ప్రమాదం వస్తే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. అయితే ఆ చట్టం కొలతకర్ర పట్టుకుని చూస్తుంది. 15 మీటర్ల ఎత్తు ఉంటే డ్యాము, 10 నుంచి 15 మీటర్ల మధ్యైతే కొన్ని షరతుల మీద డ్యాము. అంతకంటే పొట్టివాటి మొహం అది చూడదు. వెలగలేరు లాంటివి ఆ కొలతకి అందవు. కానీ నీళ్ళకి కొలతకర్ర లేదు. పిన్ని ఇంట్లోకి వచ్చిన ఆరడుగుల నీరు ఎత్తయిన డ్యాములోంచి రాలేదు, పొట్టి తలుపుల కిందనించీ, తెగిన మట్టిగట్టులోంచీ వచ్చింది.

ఇంకో చిత్రం చెప్పనా? మళ్ళింపు కాలువతో నాకూ చుట్టరికం ఉంది, నాకే తెలీదు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీళ్ళు పోలవరం కుడికాలువ మీదుగా వచ్చి ఈ కాలువలోనే పడి కృష్ణలో కలిశాయి. అక్కడే ఘాటు కట్టి పవిత్ర సంగమం అన్నారు. 2016 పుష్కరాలకి నేను అక్కడే మునిగి, మూడు చెంబులు నెత్తిన పోసుకున్నాను. ఆ నీరే మళ్ళీ బ్యారేజి నుంచి మా డెల్టా కాలువల్లోకి దిగి నారుమళ్ళు తడిపింది. అంటే మా పామర్రు అన్నంలో కొన్ని మెతుకులు బుడమేటి దారిన వచ్చినవే. ఒకే కాలువ ఎండాకాలం చివర గోదావరిని మోయాలి, వానాకాలంలో వరద మోయాలి. దాన్ని రెట్టింపుకు పైగా వెడల్పు చేయాలని ఎప్పుడో మొదలుపెట్టిన పని మధ్యలో ఆగింది. ఒక్క కోడలి చేత రెండు కాపురాలు చేయిస్తే, ఎప్పుడో ఒకనాడు పాలు పొంగిపోతాయి మరి. వరద తర్వాత గండ్లు పడ్డచోట కాంక్రీటు గోడ కట్టే పని చేపట్టారు. మంచిదే. గోడకి కూడా లాంతరు పట్టుకు తిరిగే మనిషొకడు కావాలని మాత్రం నా గొడవ.

వరద విజయవాడతో ఆగలేదు. టీవీలవాళ్ళు సింగ్ నగర్ నుంచి వెళ్ళిపోయాక కూడా నీరు తాపీగా కొల్లేటి వైపు నడిచింది. గుడివాడ అవతల నందివాడ మండలంలో మా మేనమామ కొడుకు కౌలుకి చేసే వరి వారంపైగా నీళ్ళలోనే ఉంది. వాడు ఫోనుచేసి, "వదినా, మీ పిన్నిగారింట్లోంచి వచ్చిన నీళ్ళే ఇప్పుడు మా చేలో ఉన్నాయి" అన్నాడు, నవ్వుతున్నట్టే. నాకు నవ్వు రాలేదు.

పిన్ని రెండు నెలలు పామర్రులో ఉండి మళ్ళీ అక్కడికే వెళ్ళింది. ఎక్కడికి పోతుంది? అమ్ముదామంటే కొనేవాడేడి? కొనేవాడుంటే మాత్రం, గీత గురించి వాడడిగితే ఏం చెప్పాలి? "చెమ్మ" అని చెప్పడానికి ఆవిడ నోరు రాదట. మనవడు ఇంటికి రంగులు వేయించాడు. ముందు గదిలో మటుకు తలకంటే ఎత్తున, కిటికీ పైకమ్మి పక్కన ఉన్న బురదగీత మీద రంగు వేయనివ్వలేదు. పక్కన పెన్సిలుతో తేదీ రాసింది. ఆ గదిలో ఇప్పుడు కింద ఏమీ లేవు. పాసుబుక్కులు, ఫోటో, పట్టుచీరలూ అన్నీ మేడమీదే.

వాన పడితే చాలు నాకు ఫోను చేస్తుంది. ఇదివరకు వాననాడు ఫోను చేస్తే పకోడీల గురించో, సీరియల్లో కోడలి గురించో మాట్లాడేది. నిన్న సాయంత్రం మబ్బు పట్టగానే మోగింది. "వెలగలేట్లో తలుపులు దించి ఉన్నాయా, ఎత్తారా? నువ్వు రాసేదానివి కదా, కనుక్కుని చెప్పు" అంది.

నేను మా వారినడిగాను, ఇరిగేషన్లో తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని. ఆయన ఫోనులో పేర్లు వెతుకుతున్నారు. పిన్ని లైన్లోనే ఉంది.